పటం వెనక కాగితాలు

హోరా, ఆండ్రోస్ దీవి
27 నవంబరు 1939

ఫ్రాంగూలీకి,

నీ తంతి నిన్న మధ్యాహ్నం అందింది. "ఓడ మునిగింది. క్షేమం. ఉత్తరం రాస్తాను." పదిహేడేళ్ళ కాపురం చేసినందుకు నాకు దక్కింది ఐదు మాటలు. పోస్టుమాస్టరు దాన్ని నా చేతికివ్వకుండా మెట్ల మీదే నిలబడి గట్టిగా చదివేశాడు. నా ఇంటి కబురు నాకంటే ముందు ఎదురింటి మేకకు తెలిసింది.

సాయంత్రానికి మన వాకిట్లో పద్నాలుగు ఇళ్ళ వాళ్ళు చేరారు. నీ ఓడ మీద మన ఊరివాళ్ళున్న ఇళ్ళన్నీ వచ్చాయి. "ఎవరు క్షేమం? మావాడేడీ?" అని ఒకటే ప్రశ్న. నేనేం చెప్పను? నువ్వా, నువ్వూ నీ మోకాలి నొప్పా, లేక అందరూనా? చివరికి పాదిరి ఇయాకొవోస్ గారు, ఒక్కడు పోయినా కెప్టెన్ ఆ మాట ముందు రాసేవాడు కదా, కాబట్టి అందరూ క్షేమమే అని తేల్చి గంటలు కొట్టించారు. ఊరంతా మన సారా తాగి, మన అక్రోట్లు తిని వెళ్ళారు.

జలాంతర్గామి వాళ్ళు ముంచారని పత్రికలో రెండు వాక్యాలు వచ్చాయి. మనది ఎవరి జోలికీ పోని దేశం గదా, మన జెండా ఓడ పక్కన ఇంటి గోడంత పెద్దదిగా రంగువేసి ఉంది గదా, వాళ్ళకు కళ్ళు లేవా? ఇదంతా వివరంగా రాయి. నువ్వు ఏం తింటున్నావో, ఎక్కడ పడుకుంటున్నావో రాయి.

ఇంకొకటి. మా తమ్ముడు జన్నిస్‌ని ఇంజను గదిలో పెట్టుకుంటానని నువ్వే తీసుకెళ్ళావు. వాడిచేత అమ్మకు రెండు ముక్కలు రాయించే పూచీ కూడా నీదే. ముప్పై రెండేళ్ళొచ్చినా వాడికి కలం పట్టుకోవాలంటే బద్ధకం. చెవి మెలిపెట్టి రాయించు.

మోస్కా

*

కార్డిఫ్
12 డిసెంబరు 1939

మోస్కాకు,

నీ ఉత్తరం అందింది. తిట్లు కూడా అందాయి.

ఇక్కడ మన ఉత్తరాలు విప్పి చదివేవాళ్ళున్నారు. ఎక్కడ, ఏమిటి అని రాస్తే కత్తెర వేస్తారు. పొద్దున ఏడున్నరకు జలాంతర్గామి ఎడమ పక్క నుంచి తేలింది. ముందు మా ఓడ ముక్కు ముందుగా ఒక గుండు పేల్చారు. తర్వాత వాళ్ళ ఆఫీసరు గొట్టంలోంచి ఇంగ్లీషులో అరిచాడు, అరగంటలో దిగిపొమ్మని. మర్యాదగానే చెప్పాడు, అద్దెకున్నవాళ్ళను ఖాళీ చెయ్యమనే ఇంటాయనలాగా. రెండు పడవలు దింపాం. నేను చివరగా దిగుతూ గదిలోకి పరుగెత్తి, గోడ మీదున్న, ఓడలవాళ్ళను కాచే పునీత నికోలస్ పటం లాగి చంకలో పెట్టుకున్నాను. మీ ముత్తాత నాటి పటం. మరి దేనికీ చెయ్యి రాలేదు. రెండు రాత్రులు పడవల్లో ఉన్నాం. తర్వాత చేపలవాళ్ళు ఎక్కించుకున్నారు.

మోకాలు వాచింది. నావికుల బసలో మంచం దొరికింది. ఇక్కడ కాఫీ అనేది గిన్నె కడిగిన నీళ్ళు. మన వంటవాడు లియోనార్దోస్‌కి చలికి ఛాతీ పట్టేసింది. ముసలివాణ్ణి ఇటలీ ఓడ మీద ఇంటికి పంపుతున్నాను. పటం అతని చేతికిచ్చాను. గుడిలో పెట్టించు.

జన్నిస్‌కి ఇప్పుడు రాయడానికి వీలుపడదు. అత్తయ్యను బెంగపెట్టుకోవద్దను.

ఫ్రాంగూలిస్

*

హోరా
9 జనవరి 1940

ఫ్రాంగూలీకి,

నీ ఉత్తరంలో ఆ దొరలు మూడు కిటికీలు కోశారు. వాళ్ళు కొయ్యనిచోట కూడా నువ్వేమీ చెప్పలేదు.

పటం వచ్చింది. రేవు నుంచి గుడిదాకా ఊరేగించారు. పాదిరిగారు ముందు ధూపం వేస్తూ, వెనక ఊరంతా కొవ్వొత్తులతో. "ఒక్క ప్రాణాన్నీ పోనివ్వని పునీతుడు" అని ఆయన ఎలుగెత్తి చెబుతుంటే ఆడవాళ్ళు ఏడ్చారు. ఇప్పుడా పటం చుట్టూ మొక్కు చెల్లించిన వెండి పడవలు, వెండి కాళ్ళు, చేతులు వేలాడుతున్నాయి. పక్క దీవి నుంచి కూడా మొక్కుకోవడానికి వస్తున్నారు. దాన్ని నేను ముందు ఇంటికి తెచ్చి తుడిచాను. వెనక తాడు తెగి ఉంది. ఇంట్లో చేసినట్టే ఓడ మీద కూడా కాగితాలన్నీ పటం వెనకే దోపుతావు గదా, ఒక్కటీ లేదే. మన ఇంటి పటం వెనక నువ్వు దోపిన పన్ను రసీదులు, దంతవైద్యుడి చీటీ ఈమధ్యే ఏరి పెట్టాను. పునీతుడి వీపు నీకు బీరువాలాగా దొరికింది.

ఇక లియోనార్దోస్ సంగతి. ఆ ముసలాయన నన్ను చూస్తే వీధి మారిపోతున్నాడు. ఊరేగింపులో ఎదురుపడి, "బాగున్నావా బాబాయ్, మా జన్నిస్ ఎలా ఉన్నాడు?" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నాకేం తెలుసమ్మా, నేను వంటింట్లో ఉండేవాణ్ణి" అన్నాడు. ఓడ మునిగేటప్పుడు కూడా ఈయన వంటింట్లోనే ఉన్నాడా?

జన్నిస్‌కి "వీలుపడదు" అంటావేమిటి? వాడేమన్నా మంత్రిగారా? పద్నాలుగు ఇళ్ళకూ ఉత్తరాలొచ్చాయి. అక్షరం ముక్క రాని ఆండ్రికోస్ కూడా పక్కవాడితో రాయించుకున్నాడు. అమ్మేమో వాడి తరఫున సాకులు వెతుకుతోంది. చెయ్యి కాలి ఉంటుందట, కళ్ళద్దాలు సముద్రంలో పోయి ఉంటాయట. రెండు జతల ఉన్ని మేజోళ్ళు అల్లి పెట్టింది, చిరునామా పంపించు. ఆ వెధవతో చెప్పు, ఇంటికొస్తే గుమ్మంలోనే చెంప పగలగొడతానని.

మోస్కా

*

కార్డిఫ్
23 జనవరి 1940

మోస్కాకు,

ఊరేగింపు చెయ్యమని నేను చెప్పలేదు. గుడిలో పెట్టమన్నాను, అంతే. ఒక మాట రాస్తే మీరంతా కలిసి పండగ చేస్తారు. ఆ వెండి పడవలవీ తీయించెయ్యమని పాదిరిగారితో చెప్పు.

లియోనార్దోస్‌ని విసిగించకు. జబ్బు మనిషి.

జన్నిస్ ఇక్కడ లేడు. వేరే ఓడ ఎక్కాడు. దక్షిణ అమెరికా వైపు వెళ్ళే ఓడ, ఉత్తరాలు ఆలస్యమవుతాయి. మేజోళ్ళు పంపొద్దు. ప్రతి ఉత్తరంలోనూ అదే అడిగితే నేను ఒకటే చెప్పగలను. నాకు ఇక్కడ వేరే పనులున్నాయి. ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను, చెప్పిందే నాలుగుసార్లు చెప్పించుకుంటున్నారు. మార్చి నెలాఖరుకు నాకు ఇంకో ఓడ ఇస్తామన్నారు. ఒప్పుకుందామనుకుంటున్నాను. ఇప్పుడప్పుడే ఇంటికి రావడం కుదరదు.

ఫ్రాంగూలిస్

*

హోరా
6 ఫిబ్రవరి 1940

ఫ్రాంగూలీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

నిన్న పొద్దున నీళ్ళకు వెళ్ళాను. కుళాయి దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే నోళ్ళు మూతపడ్డాయి. ఆండ్రికోస్ పెళ్ళాం నా కూజా లాక్కుని తనే నింపి ఇచ్చింది. పోయినేడాది దాకా నా వెనక కూజా పెట్టాలన్నా నాతో పోట్లాడిన మనిషి. నా చేతిలో కూజా పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా లియోనార్దోస్ ఇంటికి వెళ్ళాను. పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"బాబాయ్, మా తమ్ముడు ఏ ఓడ ఎక్కాడు?"

"కెప్టెన్ రాస్తాడమ్మా."

"రాశాడు. దక్షిణ అమెరికా వెళ్ళాడని రాశాడు."

ముసలాయన నిప్పులు ఎగదోశాడు. "అలా రాశాడా" అన్నాడు. తర్వాత దుప్పటి మొహం మీదకు లాక్కున్నాడు. "వెళ్ళమ్మా, నీకు దణ్ణం పెడతాను. నా నోటితో అనిపించకు. కెప్టెన్ రాస్తాడు."

ఈ దీవి కట్టడి నీకు నేను చెప్పాలా? సముద్రంలో పోయినవాడి కబురు కెప్టెన్ నోటి నుంచే ఇంటికి రావాలి. ఆయన చెప్పేదాకా చూసినవాడు కూడా చూడనట్టే ఉండాలి. మా నాన్న పోయినప్పుడు రేవులో దిగిన ఇరవైమంది మా గుమ్మం ముందు నుంచే తలవంచుకుని వెళ్ళిపోయారు. కెప్టెన్ ఒక్కడే టోపీ చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, వాడికి ఐదు. ఆ కెప్టెన్‌కి మాత్రం మెట్లెక్కడం సుఖంగా ఉందా? ఎక్కాడు. నువ్వు ఎక్కడం లేదు. నీ ఒక్కడి నోరు మూతపడితే పద్నాలుగు ఇళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఊరంతటికీ తెలిసిన సంగతి ఒక్క మా అమ్మకే తెలియదు.

నాకు తెలుసో తెలియదో నేను రాయను. నాకు తెలియదు. నువ్వు రాయలేదు కాబట్టి.

మార్చి రెండున ఆత్మల శనివారం. తొమ్మిదిన ఇంకొకటి. ప్రతి ఇల్లూ పాదిరిగారికి రెండు కాగితాలివ్వాలి, బతికున్నవాళ్ళ పేర్లు ఒకదాని మీద, పోయినవాళ్ళవి ఇంకొకదాని మీద. అమ్మకు చదువు రాదు, ఆ కాగితాలు నేనే రాస్తాను. చెప్పు, మా తమ్ముడి పేరు ఏ కాగితం మీద రాయను? బతికున్నవాడి పేరు ఆ రెండో కాగితం మీద రాస్తే నేను వాణ్ణి చేతులారా చంపినట్టు. పోయినవాడి పేరు మొదటి కాగితం మీదే ఉంచితే వాడి పేర గుడిలో పెట్టే గుప్పెడు గోధుమలైనా వాడికి దక్కకుండా చేసినట్టు. రెండున్నర నెలలుగా నన్ను ఈ రెండింటి మధ్యా నిలబెట్టి, నువ్వక్కడ ఓడలు బేరమాడుతున్నావు.

నీకు ఆఫీసుల్లో పనులున్నాయన్నావు. ఈ పని ముందు చెయ్యి.

మోస్కా

*

కార్డిఫ్
20 ఫిబ్రవరి 1940

మోస్కా,

కూర్చునే చదివాను. జన్నిస్ లేడు. నవంబరు ఇరవై రెండున పోయాడు, ఓడతోపాటు. రెండో కాగితం మీద రాయి.

మొదటి ఉత్తరంలో రాసిందంతా నిజమే, సగమే రాశాను. అరగంటలో దిగిపోవాలన్నప్పుడు నేను గదిలోకి పరుగెత్తింది కాగితాల కోసం. మనం ఏ దేశం ఓడో, ఏం సరుకు మోస్తున్నామో చూపించే కాగితాలు. అవి ఎప్పట్లాగే పటం వెనక ఉన్నాయి. పటం తీసుకుంటే కాగితాలూ వచ్చేసినట్టేనని లాగాను. తాడు తెగింది. నేను చూసుకోలేదు. మోకాలు ఈడ్చుకుంటూ పడవలోకి దిగాను.

జలాంతర్గామి పక్కకు వెళ్ళాం. ఆఫీసరు కుర్రవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. "కాగితాలు" అన్నాడు. నేను గర్వంగా పటం వెనక చెయ్యి పెట్టాను. అక్కడ తాడు ముక్క తప్ప ఏమీ లేదు. వాడు నవ్వలేదు, వాడి ముఖం నీకెలా చెప్పను. పడవలో ఇరవై రెండుమందిని కూర్చోబెట్టుకుని, కాగితాలు అడిగితే స్వామి పటం చూపించే ముసలి వెర్రివాణ్ణి చూస్తున్నాడు వాడు. కాగితాలు లేకపోతే మిమ్మల్ని ఏ దేశం వాళ్ళనుకోవాలి అన్నాడు. తెస్తానన్నాను. ఓడ అప్పటికింకా నిక్షేపంగా నిలబడి ఉంది.

నేనే లేచాను. జన్నిస్ నా కోటు పట్టుకుని కూర్చోబెట్టాడు. "బావా, ఆ మోకాలితో నువ్వు నిచ్చెన ఎక్కేసరికి ఈస్టరు ఉపవాసాలొచ్చేస్తాయి. నేను తెస్తా. నువ్వు స్వామిని గట్టిగా పట్టుకో, మళ్ళీ ఇంకేం పారేస్తావో" అన్నాడు. పడవలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పడవను ఓడ దగ్గరకు తీసుకెళ్ళాం, వాడు తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కిపోయాడు. మమ్మల్ని దూరంగా ఉండమన్నాడు.

ఇంతలో ఎక్కడో విమానం చప్పుడు. జలాంతర్గామి వాళ్ళు నీళ్ళలోకి దిగిపోవాలని తలుపులు మూసేసుకుంటున్నారు. నేను లేచి అరిచాను, మనిషున్నాడని, మన భాషలో అరిచాను, ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. జన్నిస్ పైకి వచ్చాడు. కాగితాలు దొరికాయి వాడికి. చేత్తో పైకెత్తి మాకు ఊపి చూపించాడు. అప్పుడే టార్పెడో తగిలింది. ఓడ నడుం దగ్గర విరిగి రెండు నిమిషాల్లో పోయింది. చీకటి పడేదాకా అక్కడే తిరిగాం. వాడు దొరకలేదు.

ఇంకో సంగతి కూడా నువ్వు తెలుసుకోవాలి. ఆ కాగితాలు చూపించినా వాళ్ళు ఓడను ముంచేవాళ్ళే. మన సరుకు ఇంగ్లండుకు వెళ్ళే మొక్కజొన్న, ఆ మాట కాగితాల మీదే ఉంది. అవి లేవని, రాసుకోండి ఏం రాసుకుంటారో అని నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. నాకు ఆ కుర్ర ఆఫీసరు ముందు సిగ్గేసింది. ఆ సిగ్గుకు మీ తమ్ముణ్ణి ఇచ్చాను.

తంతి రాసేటప్పుడు వాడి పేరు రాయబోయాను. "జన్నిస్ పోయాడు" అని రాస్తే ఎలా పోయాడని అడుగుతారు. ఎలా పోయాడో తంతిలో పట్టదు. ఉత్తరంలో రాద్దామనుకున్నాను. ఉత్తరం మొదలుపెడితే కలం పటం దగ్గర ఆగిపోయింది. మన ఊరివాళ్ళకు, నేను రాసేదాకా ఎవరూ ఏమీ రాయొద్దని చెప్పాను. వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. రోజూ భోజనాల దగ్గర నాకేసి చూసేవాళ్ళు, రాశావా అని. నువ్వు గంటలు కొట్టించారని రాశావు. తర్వాత ఊరేగింపు. ఒక్కొక్క ఉత్తరానికీ నా నోరు ఇంకా మూసుకుపోయింది. దక్షిణ అమెరికా అని ఎలా రాశానో నాకే తెలియదు.

అత్తయ్యకు నేను ముఖం చూపించలేను. అందుకే ఇంకో ఓడ ఎక్కుతానన్నాను. ఆవిడకు ఎంత చెప్పాలో, ఏది దాచాలో నీ ఇష్టం.

ఫ్రాంగూలిస్

*

హోరా
10 మార్చి 1940

ఫ్రాంగూలీ,

నీ ఉత్తరం మొన్న శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఈసారి కత్తెరవాళ్ళు ఒక్క అక్షరం కూడా కొయ్యలేదు. వంటింట్లో మూడుసార్లు చదివి, తలకు గుడ్డ కట్టుకోవడం కూడా మరిచిపోయి కింది వీధికి వెళ్ళాను.

అమ్మ బాదంపప్పులు ఒలుస్తోంది. నా ముఖం చూసి, "చదువు" అంది. ఏది దాచాలో నా ఇష్టమన్నావు గదా, నేను ఏదీ దాచలేదు. తాడు తెగిందీ, ఆ కుర్రవాడు నవ్వకపోవడం, మీరంతా నవ్వడం, అన్నీ చదివాను. మధ్యలో ఒక్కసారి ఆపింది.

"పైకెత్తి చూపించాడా కాగితాలు?"

"చూపించాడట."

"మొత్తానికి వెతికి పట్టుకున్నాడు" అంది. "ఇంట్లో ఎప్పుడూ వాడికి ఏదీ కనిపించేది కాదు." అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది, పొయ్యి ఆరిపోయేదాకా ఇద్దరం నేల మీద కూర్చుని ఏడ్చాం.

తెల్లారితే శనివారం. గోధుమలు నానబెట్టలేదు, ఏం చెయ్యాలో తోచలేదు. తలుపు తట్టిన చప్పుడైంది. ఆండ్రికోస్ పెళ్ళాం. నేను ఉత్తి తలతో వీధిలో దిగడం చూసిందట. చేతిలో పళ్ళెం, ఉడికించిన గోధుమలు, దానిమ్మ గింజలు, పైన పంచదార, దాని మీద బాదంపప్పులతో వాడి పేరు మొదటి అక్షరం. ఆమె వెనక లియోనార్దోస్ పెళ్ళాం, ముసలాయన ఆమెకు మాత్రం చెప్పుకున్నాడట, ఇళ్ళన్నిటికీ అలా తెలిసిందట. ఆమె వెనక ఇంకొకరు. ఆ పళ్ళేలన్నీ అప్పటికప్పుడు చేసినవి కావు. పోయిన శనివారానికి కూడా అందరూ చేసి ఉంచారట. నీ ఉత్తరం రాలేదని కోళ్ళకు వేశారట. ఈ శనివారానికి మళ్ళీ చేశారు. ఇదీ రాకపోతే పై శనివారానికి మళ్ళీ చేసేవాళ్ళట. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు నువ్వు నోరు విప్పుతావని గోధుమలు ఉడకబెట్టుకుంటూ కూర్చున్నారు. ఊళ్ళో కోళ్ళు బలిశాయి.

గుడిలో పాదిరిగారు వాడి పేరు చదివారు. అయ్యాక, పటాన్ని దించేస్తానని, తాను అనవసరంగా ఊరేగించానని అమ్మతో అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "స్వామి ఏం చేశాడు, వెనక దోపినవాడు దోపితే" అంది. నీకు వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా రాస్తున్నాను. ఇక మన మధ్య రాయకుండా ఉండేది ఏదీ వద్దు.

ఇప్పుడు నా మాట విను. కాగితాలు వదిలేసి పటం పట్టుకురావడం పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది, ఈ దీవిలో ప్రతి ఇంట్లోనూ కాగితాలు పటం వెనకే ఉంటాయి. నేను ఆ మాట అనను. నువ్వు నాచేత మూడు నెలలు పోయినవాణ్ణి తిట్టించావు. బద్ధకస్తుడన్నాను, వెధవ అన్నాను, చెంప పగలగొడతానన్నాను. నువ్వు అవన్నీ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మేజోళ్ళు పంపొద్దని రాశావు. దీనికి నిన్ను క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది.

నిన్న రాత్రి అమ్మ నన్ను పిలిచి, "అల్లుడికి రాయి. ఇంటికి రమ్మను. నేను ఏమీ అడగను" అంది. ఆవిడ మాట ఆవిడది, అలాగే రాశాను.

నేను మాత్రం అడుగుతాను. పొద్దున కాఫీ దగ్గర అడుగుతాను, దీపం ఆర్పేటప్పుడు అడుగుతాను, నీకు విసుగొచ్చి కొండెక్కి కూర్చుంటే అక్కడికొచ్చి అడుగుతాను. పదిహేను రోజులకొక ఉత్తరం మీద పోట్లాడటం నావల్ల కాదు. ఆ కొత్త ఓడ ఎక్కకుండా వచ్చెయ్. వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, కింది వీధిలో మా అమ్మ మెట్లెక్కు. మోకాలు నొప్పయితే నేను చెయ్యి అందిస్తాను.

మోస్కా